సుగుణమ్మ టీచర్ సంతకం

కొవ్వూరులోని ఓ ఫైనాన్స్ కంపెనీలో ట్రైనీగా చేరిన దీవెనకు ఆ ఉదయమే ఉద్యోగం పర్మనెంట్ అయింది. ఆరు నెలల్లో అందరికంటే ఎక్కువ పాలసీలు చేయించింది ఆమే. మేనేజరు యుగంధర్ పెట్టిన స్వీటు నోట్లో ఉండగానే, చిన్నప్పటి సుగుణమ్మ టీచర్ వచ్చి ఎదురుగా కూర్చున్నారు.

"మా ఆయనకి గుండె ఆపరేషనంటమ్మా. నా డిపాజిట్ నాలుగు లక్షలూ తీసేసుకుంటాను."

"అది డిపాజిట్ కాదండి, ఇన్సూరెన్స్ పాలసీ. ఐదేళ్లదాకా తీయడం కుదరదండి."

"డిపాజిట్ అనే కదమ్మా చెప్పావు?"

దీవెన యుగంధర్ వైపు చూసింది. ఆయన కంప్యూటర్ మీంచి తలెత్తలేదు. ఇలాంటప్పుడు అనమని ఆయన నేర్పిన మాటే ఆమె నోటికొచ్చింది.

"కాగితాలు చదివి సంతకం పెట్టాల్సిందండి, టీచర్ గారూ."

సుగుణమ్మ కోప్పడలేదు.

"నిజమేనమ్మా. నీకు అక్షరాలు దిద్దించింది నేనే కదా, నువ్వు చదివే ఉంటావులే అనుకున్నాను."



"చదివానండి" అంది దీవెన.

టీచర్ సంచీ తీసుకుని లేచారు. మెట్ల దగ్గర దీవెన పరుగున వెళ్లి చెయ్యి అందించబోతే, ఆవిడ గోడ పట్టుకుని దిగారు.