పూసలు తీసి విన్న పాట

అప్పటికి అందరి చెవుల్లోనూ మెత్తపూసలు వచ్చేశాయి. ఎంత కటువైన శబ్దాన్నయినా అవి వినేవాళ్ల మనసుకు హాయిగా ఉండేలా మార్చి వినిపించేవి. గాజువాకలో కెజియా బ్యాండు మొదటి ఆల్బమ్ వచ్చినప్పుడు వాళ్ల నాన్న ఏసుపాదం కూడా ఆ పూసలతోనే విన్నాడు.

"ఎంత చల్లగా పాడావే! అచ్చం జోలపాటలా ఉంది," అని కళ్లు తుడుచుకున్నాడు.

నిజానికి అది గంజాయి మత్తులా నెమ్మదిగా, బరువుగా సాగే మెటల్ సంగీతం. అమ్మ పోయిన దుఃఖాన్నంతా కెజియా అందులో గొంతు చించుకుని అరిచింది. అయినా నాన్న మెచ్చుకుంటే కాదనలేకపోయింది. ఆయన వీధిలో అందరికీ తన కూతురి జోలపాటల గురించి చెప్పుకుంటుంటే ఆమె సిగ్గుతో చితికిపోయింది.

చివరికి ఉండబట్టలేక, "నాన్నా, పూసలు తీసి విను. అది జోలపాట కాదు," అంది.

ఆయన తీశాడు. గిటార్ మోతకు అలమరలో గిన్నెలు అదిరాయి. తర్వాత ఆమె అరుపు వచ్చింది. ఆయన తిడతాడనుకుని కెజియా తల దించుకుంది. ఆయన మాత్రం కదలకుండా ఆఖరి పాట దాకా విన్నాడు. అయ్యాక కూడా కూతురి ముఖంలోకి చూడలేకపోయాడు.

"మీ అమ్మ పోయాక రోజూ నీ గదిలోంచి ఏదో కూనిరాగం వినబడేది," అన్నాడు మెల్లగా. "పాడుకుంటున్నావనుకున్నానే తల్లీ."