వేలెడంత కత్తి

మందు డబ్బా పెట్టెలో లేదు.

మాబీ చీరలన్నీ తీసి కింద పడేసింది. అడుగున పరిచిన పాత పేపరు కూడా ఎత్తి చూసింది. లేదు. ఆ పురుగుమందు డబ్బాను అక్కడ దాచింది తనే, మొగుడి కంట పడకూడదని. వంటింట్లోకి పరుగెత్తి జొన్నల డ్రమ్ములో మోచేతి దాకా చెయ్యి పెట్టి కెలికింది. అందులో దాచిన తాడు కూడా లేదు.

మొగుడు మాబాషా ఇంట్లో లేడు. చాకు పెట్టే గూడు ఈమధ్య రోజూలాగే ఖాళీగా ఉంది.

ఆ చాకు సంగతి ఊళ్ళో తెలియనివాళ్ళు లేరు. వేలెడంత కత్తి. చిలక ముక్కులా వంగి ఉంటుంది. మడిస్తే పిడిలోకి పోతుంది. మాబాషా బనగానపల్లె చుట్టుపక్కల తోటల్లో మామిడికి అంట్లు కడతాడు. చాకు కొన్నది అందుకే అయినా, దానితో చెయ్యని పని లేదు. ఎరువు బస్తా కుట్టు విప్పాలన్నా, మేక గిట్ట చెక్కాలన్నా, ఎవరి కాల్లోనో విరిగిన ముల్లు తియ్యాలన్నా ఆ చాకే. ఇంటికొచ్చాక తుడిచి గూట్లో పెట్టేవాడు. మాబీ దానితోనే ఉల్లిగడ్డలు తరిగేది.

"అంటు కత్తిని కూర కత్తి చేస్తివి గదే!" అని ఆయన కసురుకునేవాడు.

"తినేటప్పుడు ఆ మాట గుర్తురాల్యా?" అని ఈమె.

మధ్యలో కూర్చుని రిహానా పడీ పడీ నవ్వేది.

వేసవి మొదట్లో జ్వరం వచ్చి రిహానా పోయింది. ఒక్కతే కూతురు. ఇంటర్ చదువుతుండేది.

అప్పటి నుంచి మాబాషా సరిగా తినడు. కంటి నిండా నిద్రపోడు. పిలిస్తే పలకడు. పోనీ ఆమె నోరు విప్పిందా అంటే అదీ లేదు. ఒక ఇంట్లో ఇద్దరు మూగవాళ్ళు కాపురం చేస్తున్నట్టుంది. వీటన్నిటికీ తోడు ఆయన ఈమధ్య చాకు గూట్లో పెట్టడం మానేశాడు. ఉల్లిగడ్డలు ముందేసుకుని ఆమె కూర్చుంటే చాలు, "ఇట్లియ్యి, నేను తరుగుతా" అని లాక్కుంటాడు. తరిగేసి, చాకు మళ్ళీ జేబులో వేసుకుంటాడు. పడుకున్నా అది జేబులోనే.

ఆ జేబు చూస్తే మాబీకి వణుకు. ఎందుకని అడగడానికి ధైర్యం చాల్లేదు. లేని ఆలోచనను తనే పుట్టించినట్టవుతుందేమోనని భయం. అందుకే నోరు మూసుకుని, దాచగలిగినవి దాచింది.

ఇప్పుడు ఆ రెండూ లేవు. తలుపు కూడా వెయ్యకుండా బయటికి ఉరికింది.

టీ బంకు దగ్గర గోపన్న కనిపించాడు.

"గోపన్నా, మా ఇంటాయప్పను చూసినావా?"

"ఇప్పుడే పాయె గదమ్మా. చక్కెర బస్తా కుట్టు విప్పిచ్చి పాయె." గోపన్న కాస్త తటపటాయించాడు. "నేను ల్యానప్పుడు మా మాబీని రోంత చూస్తాండన్నా అనె. ఎందుకన్నాడో నాకు అర్థం కాల్యా."

ఆమెకు అర్థమైంది. మళ్ళీ పరుగెత్తింది.

ఊరి చివర నెహెమ్యా మేకల్ని తోలుతూ ఎదురొచ్చాడు.

"తోట పక్క పాయెనక్కా. చేతిలో తాడు ఉండె. పలకరిస్తే కండ్లు తుడుచుకుండె. ఏమైందక్కా?"

ఆమె ఆగలేదు. చెప్పు తెగిపోతే వదిలేసి తోట గట్టు ఎక్కింది. ఎందుకు దాచాను? దాచడమెందుకు, ఆ రోజే తీసుకుపోయి పాడుబావిలో పారేసి ఉంటే పోయేది కదా! బిడ్డను కాపాడుకోలేకపోయింది. ఈ మనిషిని కూడా పోగొట్టుకుంటే ఇక తనకెవరున్నారు? అల్లా, ఈ ఒక్కసారికి!

మాబాషా మామిడి చెట్టు కింద ఉన్నాడు. రిహానా పుట్టినప్పుడు తన చేత్తో అంటు కట్టి నాటిన చెట్టు. కింద చతికిలబడి ఉన్నాడు. ఒళ్ళో తాడు. చేతిలో తెరిచిన చాకు. పక్కన మూత తీసిన మందు డబ్బా బోర్లా పడి ఉంది.

మాబీ కేక తోటంతా వినపడింది. వచ్చి మీద పడింది. మొహాన్ని రెండు చేతులా పట్టుకుని నోటి దగ్గర వాసన చూసింది. రొమ్ము మీద పిడికిళ్ళతో గుద్దింది.

"ఎంత తాగినావు? చెప్పప్పా! నన్ను ఒంటిదాన్ని చేసి యాడికి పోతాండావు?"

మాబాషా బిత్తరపోయి చూశాడు. "నేను తాగల్యా. గుంత తవ్వి పోసినా. సూడు, ఆడ."

ఆమె చూసింది. చెట్టుకు దూరంగా కొత్తగా కప్పిన మట్టి. ఒళ్ళో ఉన్న తాడు మూరెడు కూడా లేని ముక్కలు ముక్కలుగా తెగి ఉంది. వాటిని అట్లా కోసింది ఆ వేలెడంత కత్తే.

మాబాషా చాకు మడిచి జేబులో వేసుకున్నాడు. ఆ జేబును అరచేత్తో గట్టిగా మూసుకున్నాడు. రిహానా పోయాక మొదటిసారి ఆమె ముందు వెక్కి వెక్కి ఏడ్చాడు.

"ఈపొద్దు జొన్నల్లో తాడు గూడా కనపడేసరికి ఓర్చుకోలేకపోతి. నువ్వు గూడా బిడ్డ కాడికి పోతావనే గదా మాబీ, నీ చీరల కింద మందు డబ్బా జూసినప్పటి నుంచి ఈ చాకు నీ చేతికి అందకుండా జేబులో పెట్టుకోని తిరుగుతాండేది!"