లేని ఓడలోంచి వచ్చినవాడు

"మళ్ళీ చెబుతున్నాను. ఇక్కడికి ఓడా గీడా ఏమీ రాలేదు. కాలనూ లేదు, మునగనూ లేదు. తెలిసిందా?" అన్నాడు పోలీసు అమీను జగ్గారావు, పడవ దిగకుండానే.

"ఆయ్, తెలిసిందండి. ఓడ రాలేదండి," అన్నాడు పల్లెపాలెం పెద్ద ముసలయ్య.

ఊరి పేరేమో ఓడలరేవు. అక్కడ ఓడ మాట ఎత్తకూడదని చెప్పడానికి అమలాపురం నుంచి అమీను పనిగట్టుకుని వచ్చాడు. పక్కన తుపాకీ పట్టుకుని ఒక తెల్ల సోల్జరు. బర్మాలోని రంగం యుద్ధం నుంచి తిరిగొస్తున్న కుంపిణీవారి పొగఓడ, వైనతేయ నది సముద్రంలో కలిసే మొగలో భగ్గున మండిపోవడం మొన్న పాలెమంతా కళ్ళారా చూసింది. నిప్పు పెట్టింది తెల్లవాళ్ళేననీ, నీళ్ళలోకి దూకిన కళాసీలను పడవల్లోంచి పిట్టల్ని కాల్చినట్టు కాల్చారనీ, ఆ పాపం బయటపడకుండా సర్కారు నోళ్ళు నొక్కేస్తోందనీ సంతల్లో ఒకటే గుసగుసలు.

జనం వెనక వీరాయమ్మ నిలబడి ఉంది. ఆ ఓడలో బొగ్గు వేసే అప్పన్న ఆమె ఒక్కగానొక్క కొడుకు. తుపాకీ గుళ్ళు తప్పించుకుని ఈదుకొచ్చి, ఇప్పుడు ఆమె పాకలోనే వలల కుప్ప వెనక నక్కి ఉన్నాడు. అమీను కంట పడ్డాడో, వాడి పని అయిపోయినట్టే.

ముసలయ్య మర్యాదకు కొబ్బరిబొండం చెక్కి పట్టుకెళ్ళాడు.

"వద్దు, వద్దు. అక్కడే ఉండు!" అమీను పడవలోనే రెండడుగులు వెనక్కి వేశాడు. చేతిలోని కర్పూరం మూటను ముక్కుకు ఇంకా గట్టిగా అదుముకున్నాడు. చేపల వాసన పడదు కాబోలు మహారాజుకి, ఎంత గీర, అనుకుని ఆడవాళ్ళు మూతులు తిప్పుకున్నారు.

"సరే గానీ, ఆ ఓడలోంచి మనిషెవడైనా ఒడ్డుకొచ్చాడా?"

ముసలయ్య బుర్ర గోక్కున్నాడు. "ఏ ఓడలోంచండి?"

"అదేనయ్యా, ఆ..." అమీను నీళ్ళు నమిలాడు.

"ఓడే రాలేదని తమరే సెలవిచ్చేరు కదండి బాబూ. రాని ఓడలోంచి మనిషెలా దిగుతాడండి?"

ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. వీరాయమ్మ మనసులోనే ముసలయ్య కాళ్ళకు దణ్ణం పెట్టింది.

అమీనుకు కోపం రావాలి. రాలేదు. గొంతు తగ్గించి, దాదాపు బతిమాలినట్టు అన్నాడు. "చూడు ముసలయ్యా, మీ మేలు కోరే అడుగుతున్నాను. ఎవడైనా వచ్చి ఉంటే దాచకు. పిల్లాపాపలున్న ఊరు. ఎందుకంటే..."

సోల్జరు గట్టిగా దగ్గాడు. అమీను నోరు టక్కున మూతపడింది.

సర్కారువారు మన మేలు కోరడం ఎప్పటినుంచో! ముసలయ్య కళ్ళలో ఆ మాటే కనిపించింది.

"నీ కొడుకు ఓడ పనికి వెళ్ళాడట కదమ్మా?" అమీను చూపు వీరాయమ్మ మీద పడింది.

"వెళ్ళేడండి. రంగంలో ఉన్నాడండి."

"ఇంటికి రాలేదా?"

"తమరి ఓడొస్తే కదండి, ఆడొచ్చేది!"

"ఒట్టేస్తావా?"

వీరాయమ్మ ఒక్క క్షణం తటపటాయించింది. పక్కనున్న భూలక్ష్మి తనంతట తానే చంకలోని పిల్లను ముందుకు జరిపింది. ఆ పిల్ల నెత్తిన చెయ్యి పెట్టి వీరాయమ్మ ఒట్టేసింది. పాలెం కట్టుబాటు అలాంటిది. ఒకరి బిడ్డను కాపాడుకోవడానికి పదిమంది బిడ్డలు అడ్డం నిలబడతారు.

అమీను చాలాసేపు ఆ పిల్లనే చూశాడు. తరవాత పడవ తిప్పించుకుని వెళ్ళిపోయాడు.

పడవ మలుపు తిరిగిందో లేదో, పాలెం పాలెమంతా వీరాయమ్మ పాక ముందు చేరింది. సముద్రం నోట్లోంచి బయటపడ్డవాడి చేతి ముద్ద తిన్న పిల్లను సముద్రం ఇక ముట్టదని వాళ్ళ నమ్మకం. ఇంటింటినుంచీ దోసెడు బియ్యం వచ్చాయి. వీరాయమ్మ పెద్ద కుండలో అన్నం వండి, చేపల పులుసు కాచింది. తల్లులు పిల్లలను వరసగా కూర్చోబెట్టారు.

"నాకు నీరసంగా ఉందే అమ్మా. వద్దులే," అన్నాడు అప్పన్న.

"రెండు ముద్దలు కడుపులో పడితే అదే పోద్ది. ఎంత ఆశతో వచ్చేరో చూడు!"

అప్పన్న తల్లి మొహం చూసి కాదనలేకపోయాడు. అన్నం కలిపి ఒక్కొక్క పిల్ల నోట్లోనూ ముద్ద పెట్టుకుంటూ వచ్చాడు. పిల్లలు వేళ్ళు కూడా నాకేశారు. భూలక్ష్మి తన పిల్లకు రెండో ముద్ద అడిగి మరీ పెట్టించుకుంది. వీరాయమ్మకు సంతోషంతో కళ్ళు నిండిపోయాయి.

ముసలయ్య చుట్ట ముట్టించి అరుగు మీద చతికిలబడ్డాడు. "ఒరే అప్పన్నా, ఎన్నిసార్లడిగినా చెప్పవేంట్రా? లచ్చలు పోసి కట్టుకున్న ఓడని ఆళ్ళే ఎందుకు తగలెట్టుకున్నార్రా?"

అప్పన్న ఎప్పటిలాగే మొహం తిప్పుకున్నాడు. అంతలోనే కడుపు పట్టుకుని పాక వెనక్కి పరుగెత్తాడు. తిరిగి వచ్చేటప్పుడు గుంజలు పట్టుకుని నడిచాడు. గడపలోనే భళ్ళున వాంతి చేసుకుని కూలబడ్డాడు. పిక్కలు మెలిపెడుతున్నాయి, కళ్ళు లోపలికి పోయాయి. వీరాయమ్మ పరుగున వచ్చి వాడి తల ఒళ్ళోకి తీసుకుంది.

"ఏమైందిరా నాయనా? దిష్టి తగిలిందా?"

అప్పన్న, మూతులు తుడుచుకుంటున్న పిల్లల వంక చూసి వెక్కి వెక్కి ఏడ్చాడు.

"చెపితే ఒడ్డెక్కనివ్వరని చెప్పలేదే అమ్మా... ఓడలో కూడా అందరికీ ఇలాగే మొదలయ్యింది."