ఫైలుకెక్కిన జిలేబీ

"బిడ్డా, గీ ఫోటో గూడ మా ఆయన ఫైల్ల ఎక్కియ్యి," అంటూ నాగవ్వ తన ఫోన్ని క్లినిక్ కౌంటర్లో ఉన్న షారోన్ చేతిలో పెట్టింది.

పోశం షుగర్ రిపోర్టు కిందనే దాన్నీ జతచేయబోయిన షారోన్ ఠక్కున ఆగింది. ఫోటోలో పోశం కళ్లు మూసుకుని మరీ జిలేబీ తింటున్నాడు!

"అవ్వా, గిది రిపోర్ట్ కాదు! సార్ చూస్తే తాతకు తిట్లే."

"పడనీ. నోరు కట్టుకున్ననని సార్ ముంగట ఒట్లేస్తుండు. గోలీలు పనిచేస్తలేవని సారేమో రోజూ సూది ఇస్తనంటుండు. బొగ్గుబాయిల బాంబులకు బెదరనోడు, సూదంటే ఏడుస్తడు బిడ్డా!"

ఇది చాడీ కాదని షారోన్‌కు అప్పుడర్థమైంది. చకచకా ఎక్కించేసింది.

లోపల పోశంను చూస్తున్న డాక్టర్ గొంతు తెరిచిన తలుపులోంచి వినిపించింది. "పోశన్నా, గోలీలు మంచిగనే ఉన్నయ్, నువ్వే గాడి తప్పినవ్! సూది వద్దు, జిలేబీ బంద్. నాగవ్వా, గీ ఫోటోల రెండో ప్లేటు ఎవరిది?"

నాగవ్వ కౌంటర్ మీదికి వంగింది. "బిడ్డా... జర తీసెయ్యవా?"

"ఎక్కినంక నాకు తీయరాదవ్వా." షారోన్ నవ్వాపుకుంటూ కొత్త ఫైలు తెరిచింది. "పేరు నాగవ్వ... వయసెంత?"