ఆరు లక్షల గింజలు

“మళ్లీ నడుం దాకా దిగి ఆగిపోయాడు,” అంది నీలవేణి విసుగ్గా.

కంప్యూటరు తెర మీద ధాన్యం తొట్టి ఉంది. అందులో ఆరు లక్షల గింజలు, నడిమధ్యన గోళీలు అతికించి చేసినట్టున్న ఒక మనిషి బొమ్మ. ఆ బొమ్మ ఆమె తండ్రి దాలయ్య. పద్దెనిమిదేళ్ల కిందట ఆమదాలవలస దగ్గర ఒక రైసుమిల్లు తొట్టిలో ధాన్యం సర్దుతూ కూరుకుపోయి చనిపోయాడు. తాగి పడ్డాడని మిల్లువాళ్లు పోలీసు కాయితాల్లో రాయించారు. బడిలో ఆమెకి ‘తాగుబోతు దాలయ్య కూతురు’ అన్న పేరే మిగిలింది. ఆ పేరు చెరిపేయాలని పట్టుబట్టి, ఎంటెక్ ప్రాజెక్టుకి ఇదే తీసుకుంది.

ఇక్కడి దాకా రావడమే గగనమైంది. మొదట సాఫ్ట్‌వేరు గ్రాఫిక్స్ కార్డుని గుర్తుపట్టనే లేదు. డ్రైవరు మార్చాక ఇరవై లక్షల గింజలు పోస్తే కార్డు మెమరీ చాలక ఆగిపోయింది. ఆరు లక్షలకి దిగితే గింజలు తొట్టి గోడల్లోంచి దూరి గాల్లోకి ఎగిరాయి. లెక్కకీ లెక్కకీ మధ్య సమయాన్ని పదో వంతుకి తగ్గిస్తే అప్పుడు బుద్ధిగా కూర్చున్నాయి. ఇప్పుడేమో మనిషి మునగడం లేదు.

“తడి దాన్యం కదేటి, అందుకే జారట్లేదేమో,” అన్నాడు మేనమామ అప్పలసూరి. అప్పట్లో ఆయనా అదే మిల్లులో పనిచేసేవాడు. పెళ్లి చేసుకోకుండా ఈ ఇంటినే అంటిపెట్టుకున్నాడు. ఆ కార్డుని విశాఖపట్నం నుంచి పాసింజరు బండిలో ఒళ్లో పెట్టుకుని తెచ్చింది కూడా ఆయనే. ఇంట్లో ఉన్న ఒక్క టేబులు ఫ్యానూ కంప్యూటరు వైపు తిప్పేసి, తను చెమటలో కూర్చున్నాడు.

“తడిదీ పెట్టాను, ఎండుదీ పెట్టాను మావా. కదలని దాన్యం మనిషిని పట్టుకుంటాది గానీ మింగదు. పైకి రాలేడు, కిందకి పోలేడు.”

“పోన్లేయే. ఏదో ఒకటి రాసి ఇచ్చీ.”

“ఏదో ఒకటేటి? మా అయ్య కదా!”

అప్పలసూరి ఫ్యానుని ఇంకాస్త కంప్యూటరు వైపు జరిపాడు.

“తొట్టి కింద తాడు లాగితే తెరుసుకునే గేటు మూసే ఉన్నాదని సెప్పినావు. నిజమేనా?”

“మూసే ఉన్నాది. ఎన్నిసార్లు సెప్పాలే నీకు!”

ఆయన ఎప్పుడూ ఆమె మీద గొంతు పెంచలేదు. నీలవేణి ఒక్క క్షణం ఆయన్నే చూసింది. తర్వాత సెట్టింగుల్లో ఒకే ఒక్క వరుస మార్చింది. గేటు తెరిచి ఉంది అని రాసి, మళ్లీ మొదలుపెట్టింది. ఫలితం రావడానికి రెండు గంటలని చూపించింది.

తల్లి జగ్గమ్మ అన్నం కంచాలు తెచ్చింది. తెర వైపు మాత్రం చూడలేదు.

“ఆ రోజు నేనూ నీతో మిల్లుకి వచ్చాను కదమ్మా, అయ్యకి కేరేజీ పట్టుకుని? నాకు ఎర్ర ఐసుఫ్రూటు తప్ప ఇంకేటీ గుర్తు లేదు.”

అప్పట్లో ఐసుబండివాడు దోసెడు ధాన్యం పోస్తే ఐసుఫ్రూటు ఇచ్చేవాడు. కూలీల పిల్లలకి మిల్లుకెళ్లడమంటే అందుకే సంబరం.

“అయిదేళ్ల పిల్లవి, ఏటి గుర్తుంటాది,” అంది జగ్గమ్మ. “తిను ముందు.”

ముగ్గురూ తిన్నామనిపించారు. అప్పలసూరి రెండుసార్లు గుమ్మం దాకా వెళ్లి, రెండుసార్లూ తిరిగొచ్చి అదే స్టూలు మీద కూర్చున్నాడు.

మూడున్నరకి ఫలితం వచ్చింది. నీలవేణి ప్లే నొక్కింది. గింజలు మధ్యలో గుంటపడ్డాయి. బొమ్మ నడుం దాకా దిగింది, ఛాతీ దాకా దిగింది. చివరికి పైకెత్తిన చెయ్యి కూడా పోయింది. మొత్తం ఇరవై రెండు సెకన్లు. తెర మీద చదునైన ధాన్యం మిగిలింది. ఆమెకి ఏడుపు ఆగలేదు. ఆ ఏడుపులోనే కొంత సంతోషం కూడా ఉంది. తండ్రి చావుకి కారణం తాగుడు కాదు.

“కింద ఎవరో గేటు తీసినారు,” అంది కళ్లు తుడుచుకుని. “ఆ గేటు కాడ పని ఎవరిది మావా?”

“నాదే.”

“తీసిందెవరు?”

అప్పలసూరి జగ్గమ్మ వైపు చూశాడు, తర్వాత నేల వైపు.

“నానే తీసినాను.”

నీలవేణి కుర్చీలోంచి లేచింది. “పద్దెనిమిదేళ్లు! ఊరంతా తాగుబోతంటే నోరు మూసుకుని విన్నావు. మా ఇంట్లోనే తిన్నావు. రేపు నీ పేరు రాసి కాలేజీలోనూ, పోలీసులకీ ఇస్తాను. నా కళ్ల ముందు ఉండకు, ఎల్లిపో.”

“రాయమ్మా. నా పేరే రాయి.” కోపం లేదు ఆ గొంతులో. బతిమాలుతున్నట్టుంది. మేకుకున్న చొక్కా తీసి తొడుక్కుని గుమ్మం దిగబోయాడు.

జగ్గమ్మ అడ్డంగా నిలబడింది.

“ఆగరా సూరీ.”

“అక్కా, వద్దే. మాటిచ్చినావు నాకు.”

“ఇచ్చినాను. నీ బతుకంతా ఈ ఇంటికే అయిపోనాది. జైలుకి కూడా పంపీమంటావేటి?” జగ్గమ్మ కూతురి వైపు తిరిగింది. “ఆ మద్దేనం మీ మావ మిల్లులోనే లేడే. రైలు టేసను కాడ బస్తాలు దింపుతన్నాడు.”

“మరి తాడు లాగి గేటు తీసిందెవరమ్మా?”

“ఐసుఫ్రూటుకి దోసెడు దాన్యం కోసం... నువ్వేనే.”