పిసినారి తాత డ్రమ్ము

"ఏంటయ్యా ఇది?"

పడవ నడిపే సరంగు డ్రమ్ము మూత లేపాడు. లోపలంతా ఉప్పు. ఉప్పులో సొరచేప ముక్కలు.

రెక్కలు కోసుకుని, ఇంకా కొట్టుకుంటున్న మొండాన్ని నీళ్లలోకి తోసెయ్యడం ఆ పడవ పద్ధతి. కొనేవాళ్లకు రెక్కలే కావాలి.

కొత్తగా చేరిన వంటాయన ఒక్కడికే అది గిట్టేది కాదు.

"ఇంత చేపలో ఇంత ముక్క ఉంచుకుని మిగతాది పారేస్తారా? ఇదేం పాపం?" అని గొణిగేవాడు. అందుకే పిసినారి తాత అని పేరు పెట్టారు.

"ఈ చోటులో రెండు మూటల రెక్కలు పడతాయి. పారెయ్," అన్నాడు సరంగు.

"ఉండనీ బాబూ. ఎప్పుడేం అవసరం వస్తుందో."

"అపశకునం పలుకుతావా?"

సరంగుకి ఒళ్లు మండింది. రేవుకి పోతున్న మరో పడవ ఎదురైతే తాతను అందులోకి ఎక్కించేశాడు. తాత తన కోసం బతిమాలలేదు.

"డ్రమ్ము మాత్రం పారెయ్యకండి," అన్నాడు.

"ముందు దాన్నే పారెయ్," అన్నాడు సరంగు, పడవలోనే పనిచేసే తన బావమరిదితో.

మూడో రోజు గాలివాన వచ్చింది. ఇంజను ఆగింది. రేడియో తడిసి పాడైంది. గాలాల తాళ్లన్నీ కొట్టుకుపోయాయి.

నాలుగు రోజుల్లో బియ్యం నిండుకున్నాయి. ఏడుగురూ వాననీళ్లు తాగి కూర్చున్నారు.

రెక్కలు ఉడికించారు. నమిలితే నారలు, మింగితే జిగురు. తిన్నవాళ్లు తిన్నట్టే కక్కుకున్నారు.

ఇంజను చూసేవాడు లేవడం మానేశాడు. సరంగుకి భయం పట్టుకుంది.

"ఆ డ్రమ్ము పారేశావా?"

బావమరిది తల దించుకున్నాడు.

"తిట్టకు బావా. బరువని బద్ధకమేసింది. తాళ్ల గదిలోకి నెట్టి మర్చేపోయాను."

సరంగు తిట్టలేదు. బావమరిదిని పట్టుకుని ఏడ్చాడు.

మనిషికి పూటకో ముక్క. పదకొండు రోజులు గడిచాయి. పన్నెండో రోజు, తాతను తీసుకుపోయిన పడవే మళ్లీ వేటకొస్తూ వాళ్లను చూసింది.

"తాత ఏడీ? కాళ్లు పట్టుకోవాలి," అన్నాడు సరంగు.

"రేవులో దిగి ఎటో వెళ్లిపోయాడు. ఇంక సముద్రం మొహం చూడనన్నాడు."

"ఎక్కడి వంటాయనో, మా ప్రాణం నిలబెట్టాడు."

ఆ పడవ సరంగు తల అడ్డంగా ఊపాడు.

"వంటాయన కాదయ్యా. నిండా రెక్కల మూటలేసుకుని, దారి తప్పి, తొమ్మిదిమంది తిండి లేక చచ్చిపోయిన పడవ ఉందే, దాని సరంగు ఆయనే. మొండాలన్నీ పారెయ్యమన్నదీ ఆయనే. చచ్చినవాళ్లలో ఇద్దరు ఆయన కొడుకులు."