తెల్ల తోకలు

"బాబూ, దీంట్లో మనిషి పరిగెత్తితే వెనకాల నల్లగా తోక వస్తోంది. బొమ్మ కూడా అడ్డంగా చీలిపోతోంది."

మానిటర్ని సర్వీసు సెంటరు కౌంటరు మీద మెల్లగా దించి, పెద్దావిడ ఊపిరి తీసుకుంది.

టెక్నీషియన్ తలెత్తలేదు. పొద్దున్నుంచి ఇదే పాట. ఒకరికి తోక, ఒకరికి చీలిక, అదృష్టవంతులకి రెండూ. సాయంత్రానికి అతనికి తన వేళ్ల వెనక కూడా తోకలు కనిపించేలా ఉన్నాయి.

"ఎవరాడతారమ్మా దీని మీద? మనవడా?"

ఆవిడ కాస్త తటపటాయించింది.

"ఆటలకే వాడేది నాయనా. రేపటికల్లా బాగవ్వాలి."

"అందరికీ రేపటికే కావాలి. ఆడేవాణ్ణే పంపాల్సింది. మీకు చెప్తే ఏం అర్థమవుతుంది?"

"అర్థమయ్యేలా చెప్పు, వింటాను."

అతను నిట్టూర్చాడు.

"కంప్యూటరు బొమ్మల్ని పంపే వేగం ఒకటి, మానిటరు చూపించే వేగం ఒకటి. రెండూ ఎవరి దారి వాళ్లు చూసుకుంటే బొమ్మ చీలుతుంది. అడాప్టివ్ సింక్ వేస్తే జతగా నడుస్తాయి. తోకంటారా, అది రెస్పాన్స్ టైమ్. తెర మీద చుక్క రంగు మారడానికి బద్ధకిస్తే నల్ల తోక."

"మరి ఎక్కువ తొందరపెడితే?"

"తొందరపెడితే మంచిదేగా!" అని విసుక్కున్నాడు.

మంచిది కాదని అతనికి తెలుసు. మరీ తొందరపెడితే చుక్క ఆగాల్సిన చోట ఆగక ముందుకు తూలుతుంది. నల్ల తోక పోయి తెల్ల తోక వస్తుంది. బరువైన ఆటలో వేగం పడిపోయినప్పుడైతే మరీను. అందుకే రెస్పాన్స్ టైమ్‌ని మధ్య మెట్టులో పెట్టి, అసలు ఆట నడిపి చూసి పంపాలి.

కానీ అంత ఓపిక ఎవరికుంది? కౌంటరు వాళ్లకో కిటుకుంది. సింక్ వేసి, రెస్పాన్స్ టైమ్‌ని చివరి మెట్టుకి నెట్టి, బల్ల మీదున్న కారు వీడియో చూపిస్తే సరి. ఆ వీడియో ఎప్పుడూ ఒకే వేగంతో పోతుంది కాబట్టి అద్దంలా కనిపిస్తుంది. ఫిర్యాదు టోకెను మూసేయొచ్చు, మేనేజరు నోరూ మూయించొచ్చు.

అతనూ అదే చేశాడు.

"చూశారా? తోకా లేదు, తొండమూ లేదు."

"ఒక్కసారి అసలు ఆట పెట్టి చూడవూ?"

"మానిటరు నిక్షేపంగా ఉందమ్మా. ఇంకా ఏమన్నా కనిపిస్తే కళ్ల డాక్టరు దగ్గరికెళ్లాలి, మా దగ్గరికి కాదు."

వెనక నిలబడ్డవాళ్లు నవ్వారు. ఆవిడ మానిటర్ని ఎత్తుకుని వెళ్లిపోయింది. తలుపు తీసి పట్టుకోవడానికి కూడా అతను లేవలేదు.

మర్నాడు సెలవు.

ఒంటిగదిలో ఉండే అతనికి రోజంతటిలో ఆశగా ఎదురుచూసేది ఒక్కటే, గొడుగు. అది ఆన్‌లైన్ ఆటలో అతని జతగాడి పేరు. అందులో టెక్నీషియన్ పేరు నత్త. 'నీతో ఆడితే గెలిచినట్టే' అని తక్కినవాళ్లంతా వదిలిపోయిన రోజున ఈ గొడుగు వచ్చి, డాలు అడ్డం పెట్టి నిలబడ్డాడు. ఆ నిలబడ్డం నిలబడ్డం, నెలల తరబడి కదల్లేదు.

మైకు మాత్రం పెట్టడు. ఏదైనా రాతే. నత్త ఉద్యోగం మీద విరక్తితో వచ్చిన సాయంత్రాల్లో "ముందు తిను, తర్వాత ఆడుదాం" అని రాసేది అతనొక్కడే. ఎవరో చదువుకునే కుర్రాడై ఉంటాడనుకుని, నత్త "తమ్ముడూ" అని పిలిచేవాడు.

ఆ సాయంత్రం జంటల పోటీలో ఆఖరి ఆట. గెలిచిన ఇద్దర్నీ ఒకే వేదిక మీదికి పిలుస్తారు. గెలుపు సంగతి అటుంచి, తమ్ముణ్ణి కళ్లారా చూడొచ్చని నత్త వారం నుంచీ సంబరపడుతున్నాడు.

ఆట మొదలైంది.

గొడుగు తడబడ్డాడు. డాలు ఎత్తాల్సిన వైపు వదిలేసి ఇంకో వైపు ఎత్తాడు. ఒకసారైతే నత్తనే శత్రువనుకుని కొట్టాడు. ఇద్దరూ కుప్పకూలారు.

నత్తకి ఒళ్లు మండిపోయింది.

"ఏమైంది తమ్ముడూ? నిద్రపోతున్నావా? ఇన్నాళ్లు నా వెంట ఉన్నది ఈ రోజు ముంచడానికా?" అని రాసి పంపాడు.



మొట్టమొదటిసారిగా గొడుగు పేరు పక్కన మైకు గుర్తు వెలిగింది.

"తిట్టు నాయనా, తిట్టాల్సిందే."

ఆడగొంతు. అదీ వయసు మీద పడ్డ గొంతు.

నత్త వేలు మైకు బొత్తాం మీదే ఆగిపోయింది.

"తమ్ముడూ అని నోరారా పిలుస్తుంటే కాదనడానికి మనసొప్పలేదు. ముసలిదాన్నని తెలిస్తే నువ్వూ నవ్వుతావని భయం. ఇవాళ కళ్లు నీళ్లు కారి అక్షరాలు కానరాక నోరు విప్పాను. తెరంతా తెల్ల తోకలే, నువ్వెవరో, వాళ్లెవరో పోల్చుకోలేకపోయాను."

నత్త మాటలు సరిగ్గా వినబడేలా శబ్దం పెంచాడు.

"మానిటర్ని పక్కింటి పిల్లలకి ఇచ్చేస్తున్నాను. ఈ పేరూ తీసేస్తున్నా. కళ్లున్న జతని చూసుకో, బాగా ఆడతావు నువ్వు."

ఆవిడ మళ్లీ అంది.

"నిన్న సర్వీసు సెంటర్లో ఆ అబ్బాయి లోపం నా కళ్లదేనని తేల్చి చెప్పి పుణ్యం కట్టుకున్నాడు, లేకపోతే నెపం మానిటరు మీదికి నెట్టి నిన్ను ఇంకా ముంచేదాన్ని."